‘ఏం కాదులే’ అనే ముందు

చిన్నీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. ఎనిమిదో నెల కడుపుతో నువ్వు, చుట్టుపక్కల నెలలు నిండుతున్న ఆడవాళ్ళందరినీ వారానికోసారి మీ ఇంట్లో కూర్చోబెట్టాలనుకుంటున్నావట. "ఈ సమయంలో దీనికి ఇదంతా అవసరమా అక్కా" అని విసుక్కుంది. నాకు మాత్రం గర్వంగా అనిపించింది. నలుగురిలో నోరు విప్పడానికే సిగ్గుపడేదానివి నువ్వు! ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ప్రసవాల వార్డులో ఏళ్ళ తరబడి నర్సుగా పనిచేసినదాన్ని, నా భయాలు నాకుంటాయి కదా. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ సగం విని పెట్టేస్తావని రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. వీపు ఆనించుకునే కుర్చీలు వెయ్యి, కాళ్ళు పెట్టుకోవడానికి స్టూళ్ళు ఉంటే మంచిది. ఎవరు ఎన్నిసార్లు లేచి బాత్రూమ్‌కి వెళ్ళినా మాట ఆపి చూడకండి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్ళను ఆ వారం రావద్దను. గంటన్నర దాటనివ్వకు.

మాట్లాడుకోవడానికి అంత ఏముంటుందని ఎవరైనా అంటే పట్టించుకోకు. చివరి మూడు నెలల్లో ఒంటికి జరిగేవాటిలో సగం డాక్టరుకు చెప్పేంత పెద్దవిగా తోచవు, ఇంట్లోవాళ్ళకు చెబితే అర్థం కావు. తుమ్మితే మూత్రం చుక్క పడుతుంది. పడుకుంటే గుండెల్లో మంట. అర్ధరాత్రి మెలకువ వస్తే తెల్లారేదాకా కళ్ళు మూతపడవు. మంచం మీద పక్కకు ఒత్తిగిలాలంటే మోకాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, భుజాలూ నడుమూ కలిపి ఒకేసారి తిరగాలి. లేకపోతే కటి దగ్గర కలుక్కుమంటుంది. ఇది నాకు నర్సింగ్ క్లాసులో ఎవరూ నేర్పలేదు. వార్డులో ఒక గర్భిణి పక్క మంచం ఆమెకు చూపిస్తుంటే చూసి నేర్చుకున్నాను, తర్వాత ఎందరికో చూపించాను.

మనసు సంగతి కూడా అంతే. "బిడ్డ మీద ప్రేమ ఇంకా పుట్టలేదు, భయమే వేస్తోంది" అన్న మాట కన్నతల్లితో అనలేని పిల్ల, తనలాగే బరువు మోస్తున్న ఇంకో పిల్లతో అంటుంది. అలా అన్నప్పుడు "ఛ, అలా అనకూడదు" అని ఆమె నోరు మూయించకండి. గర్భంతో ఉన్న పదిమందిలో ఒకరికి దిగులు మామూలు స్థాయి దాటి వైద్యం అవసరమయ్యేంతవరకూ వెళుతుంది. రెండు వారాలకు మించి ఏడుపు ఆగకపోయినా, దేని మీదా మనసు పెట్టలేకపోయినా చెకప్‌లో ఆ మాట చెప్పించే పూచీ మీది.

ఇలా కూర్చోవడం కాలక్షేపమని మీ అమ్మ అంటే మక్వాన్‌పూర్ సంగతి చెప్పు. నేపాల్‌లో ఉన్న జిల్లా అది. అక్కడి పల్లెల్లో ఆడవాళ్ళు నెలకోసారి కూడి, కాన్పులో, కాన్పయ్యాక వచ్చే ఇబ్బందులేమిటి, మనం చేయగలిగిందేమిటి అని మాట్లాడుకున్నారు. కొన్నిచోట్ల అవసరానికి డబ్బు కూడబెట్టుకున్నారు, మనిషిని మోసుకెళ్ళడానికి స్ట్రెచర్లు సిద్ధం చేసుకున్నారు. 2004లో వచ్చిన ఫలితాలు చూస్తే, ఈ బృందాలున్న చోట పుట్టిన నెలలోపు చనిపోయే పిల్లలు మిగతా చోట్లకంటే దాదాపు 30 శాతం తక్కువ. అంత బలముంది మాటకి. అందుకే ఆ మాట ఎటు లాగుతుందోనని నాకు భయం.

ఇప్పుడు చెప్పబోయేది కుదురుగా కూర్చుని చదువు.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక స్కూలు టీచరును మా వార్డుకు తీసుకొచ్చారు. తొలిచూలు. ఆమెకూ నీకు ఉండబోతున్నలాంటి జట్టే ఉండేది. ఒకే వీధిలో కడుపుతో ఉన్నవాళ్ళు, ఒకరిద్దరు అప్పటికే పిల్లల తల్లులు, సాయంత్రం డాబా మీద కూర్చునేవాళ్ళు. మంచి మనసున్న మనుషులు. ఆమె ఒకరోజు ఉంగరం రావడం లేదంది. సబ్బు నురగ రాసి లాగినా కదల్లేదట. "ఈ నెలల్లో అందరికీ నీరు పడుతుందిలే, నావి చూడు" అని ఒకామె తన పాదాలు చూపించింది. మర్నాడు తలనొప్పి అంది. నిద్ర చాలక అన్నారు. ఆ మర్నాడు మళ్ళీ తలనొప్పే అంటే, ఒకామె ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర తెచ్చి ఇచ్చింది. తర్వాత కుడిపక్క డొక్క కింద నొప్పి అంటే గ్యాస్ అన్నారు. కళ్ళ ముందు మిణుకుమిణుకుమని ఏవో మెరుస్తున్నాయంటే, నీరసం అన్నారు. ఒక్కొక్క మాటా విడిగా చూస్తే ఎవరైనా అలాగే అంటారు. అన్నీ కలిపి చూసినవాళ్ళు లేరు. పైగా ఆ చెప్పినవాళ్ళంతా ఆమెకంటే ముందు ఆ దారిలో నడిచినవాళ్ళు కాబట్టి, నాలుగు రోజుల్లో చెకప్ ఉంది కదా, అప్పుడే చెబుదామని ఊరుకుంది.

మా దగ్గరికి వచ్చేసరికి ముఖం ఉబ్బి కళ్ళు సన్నటి గీతల్లా ఉన్నాయి. బీపీ 170/110. అప్పట్లో మూత్రం టెస్ట్ ట్యూబులో పోసి పైభాగాన్ని స్పిరిట్ దీపం మీద కాచేవాళ్ళం. ప్రొటీన్ పోతుంటే తెల్లబడుతుంది. ఆమెది పెరుగులా గడ్డకట్టింది. నేను ట్యూబు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. ప్రీఎక్లాంప్సియా, అంటే కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు, ముదిరితే వచ్చే ఫిట్స్ అవే, పాతవాళ్ళు గుర్రపువాతం అనేవారు. ఫిట్స్ ఆగడానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లు ఇచ్చి, బీపీ దింపి, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. చాలా రోజులు పట్టింది గానీ తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

ఆ రాత్రి ఆమె స్నేహితురాళ్ళు వార్డు బయట నిలబడి ఉన్నారు, అందరివీ పెద్ద పెద్ద పొట్టలే. మాత్ర ఇచ్చినామె నా చెయ్యి వదల్లేదు. "మేమే అన్నాం సిస్టర్, ఏం కాదులే అని మేమే అన్నాం" అని ఒకటే ఏడుపు. వాళ్ళను నేను ఏమంటాను? కుర్చీలు వేసి కూర్చోబెట్టి, ఆమెకు ముందు బీపీ చూశాను. తర్వాత మిగతా అందరికీ చూశాను.

చిన్నీ, ప్రేమ ఉన్నచోటే ‘ఏం కాదులే’ తొందరగా వస్తుంది. ఎదుటి పిల్ల భయపడుతుంటే ఆ భయం పోగొట్టాలనిపిస్తుంది. అది తప్పని నేను అనను. కానీ మీ ఇంట్లో ఆ మాట కంటే ముందు రావాల్సినవి వేరే ఉన్నాయి. ఎప్పట్నుంచి? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా? ఇంకేమైనా ఉందా? ఆసుపత్రికి ఫోన్ చేశావా? చెయ్యకపోతే అక్కడే, మీ అందరి ముందే చేయించు. ఒక బీపీ మిషన్ కొనిపెట్టుకో. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూడండి. 140/90 గానీ అంతకుమించి గానీ కనబడితే ఆరోజే డాక్టరుకు చెప్పాలి. 160/110 గానీ ఆపైన గానీ ఉంటే అప్పటికప్పుడు ఆసుపత్రికి బయల్దేరాలి. ఈ ప్రమాదం కాన్పుతో పోదు, తర్వాత ఆరు వారాల దాకా పొంచి ఉంటుంది. కాబట్టి ముందుగా కాన్పయినవాళ్ళను జట్టులోంచి జారిపోనివ్వకు, ఫోన్ చేసి తలనొప్పి ఉందా అని అడుగు.

కడుపులో బిడ్డ కదలికల విషయంలో నేను ఎవరి మాటా వినను. "నెలలు నిండితే లోపల చోటు చాలదు, అందుకే కదలదు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది నిజం కాదు. కదలిక తీరు మారవచ్చు, తన్నడం పోయి పొర్లినట్టు ఉండవచ్చు, కానీ కాన్పుదాకా తగ్గకూడదు. ఒకామె బిడ్డ రోజంతా గంతులేస్తుంది, ఇంకొకామెది సాయంత్రాలే కదులుతుంది. వాళ్ళతో వీళ్ళను పోల్చకండి. నీ బిడ్డ అలవాటు నీకు తెలియాలి. అందులో తేడా వస్తే రేపటిదాకా ఆగడం వద్దు. రాత్రి ఎంతైనా సరే, ఆసుపత్రివాళ్ళు విసుక్కున్నా సరే, వెళ్ళి చూపించుకోవాలి. చూసి బాగుందని పంపించేస్తే నీ టైమ్ వృథా అయిందనుకోకు. మళ్ళీ తగ్గితే మళ్ళీ వెళ్ళు.

దురద కూడా అలాంటిదే. పొట్ట మీద చర్మం సాగి దురద పుట్టడం మామూలే. అరిచేతులు, అరికాళ్ళు దద్దుర్లేమీ లేకుండా దురదపెట్టి, రాత్రిపూట ఎక్కువవుతుంటే అది కాలేయానికి సంబంధించింది కావచ్చు. రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది. సిగ్గుపడి ఎవరూ చెప్పరు, నువ్వే అడుగు. రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా ఆలోచించేది లేదు. ఆ నీరు ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే మరీ తొందరగా వెళ్ళాలి. దొంగనొప్పులు నడిచినా పడుకున్నా సర్దుకుంటాయి. అసలు నొప్పులు సర్దుకోవు, దగ్గరదగ్గరగా, గట్టిగా వస్తాయి.

ఒకరి మాత్ర ఇంకొకరు మింగకూడదు. ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు చివరి నెలల్లో బిడ్డ గుండె దగ్గరి రక్తనాళానికి హాని చేస్తాయి. బయట మందుల షాపులో అడగ్గానే ఇస్తారు కదా అని మోసపోకండి.

"నీ పొట్ట ఇంత చిన్నగా ఉందేంటి?" అన్న మాట మీ గదిలో వినబడకూడదు. ఆ ఒక్క మాటకు రాత్రంతా ఏడ్చి పొద్దున్నే మా దగ్గరికి వచ్చినవాళ్ళు ఎందరో. టేపు పెట్టి కొలిచేవాళ్ళు వేరే ఉన్నారు. అలాగే డేట్ దాటిందని ఎవరినీ కంగారు పెట్టకండి, సరిగ్గా చెప్పిన తేదీకే కనేవాళ్ళు నూటికి అయిదుగురికి అటూ ఇటుగా ఉంటారు. భయంకరమైన కాన్పు కథలు ఎవరికైనా చెప్పుకోవాలని ఉంటే, ముందు మిగతావాళ్ళను అడగమను, ఇప్పుడు వినగలరా అని.

ఇంకొకటి రాయాలా వద్దా అని కలం పక్కన పెట్టి, మళ్ళీ తీసుకున్నాను. అంతమందిలో ఎవరికో ఒకరికి బిడ్డ దక్కకపోవచ్చు. దేవుడి దయవల్ల మీలో ఎవరికీ అలా కాకూడదు. ఒకవేళ అలా అయితే మాత్రం ఆమెను తప్పించుకుని తిరగకండి. ఏం మాట్లాడాలో తెలియక జట్టంతా మౌనమైపోతే, ఆమెకు బిడ్డతోపాటు స్నేహితులూ పోతారు. వెళ్ళి కూర్చోండి. బిడ్డకు పేరు పెట్టుకుని ఉంటే ఆ పేరుతోనే అడగండి. "ఇంకోటి పుడుతుందిలే" అని ఒక్కరు కూడా అనకూడదు. మళ్ళీ మీ మధ్యకు రావాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. తలుపు తెరిచి ఉంచడమే మీ వంతు.

ఇక నీ సంగతి. అందరికీ కుర్చీలు వేసి, అందరి కష్టాలు విని, రాత్రికి కాళ్ళు వాచి పడుకుంటావని నాకు తెలుసు. చిన్నప్పుడూ అంతే, జ్వరం వచ్చినా చెప్పకుండా బడికి పోయేదానివి. ఆ బుద్ధి ఇప్పుడు పనికిరాదు. కుర్చీలు వచ్చినవాళ్ళ ఇంటివాళ్ళచేత వేయించు. పక్కకు తిరిగి పడుకో, ఎడమైనా కుడైనా ఫరవాలేదు. మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉంటే కంగారుపడకుండా మళ్ళీ తిరుగు. మొదటివారం అందరూ తమ సంగతులు చెప్పాక నువ్వు కూడా నీ భయం ఒకటి చెప్పు. అందరినీ పిలిచినదానివి కాబట్టి వినడమే నీ పని అనుకోకు.

నీకు 36 వారాలు వచ్చేసరికి నేను బట్టలు సర్దుకుని వచ్చేస్తాను, మీ అమ్మతో కూడా చెప్పాను. ఆ వారం మీరు కూడినప్పుడు నన్ను మీ జట్టులో ఒక మూల కూర్చోనిస్తావా? అడిగితే తప్ప నోరెత్తను. ఈలోగా పోయిన చెకప్‌లో నీ బీపీ ఎంత ఉందో, బిడ్డ ఏ వేళప్పుడు ఎక్కువ కదులుతోందో ఇవాళే ఫోన్లో మెసేజ్ పెట్టు. "బాగానే ఉన్నా పెద్దమ్మా" అని పెడితే ఊరుకోను, అంకెలు కావాలి.

నీ
పెద్దమ్మ