ఆ ఫైల్ ఎవరు చేశారో తెలియకుండా జీమెయిల్ ఇచ్చేశారా?

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. బట్టల కొట్టు లెక్కలు చూసుకునే పాత కంప్యూటర్‌లో నెట్‌లో దొరికిన ఆండ్రాయిడ్ టీవీ ఫైల్ వేసి, బ్యాంకు మెయిళ్లు వచ్చే నా జీమెయిల్‌తోనే తెరిచి హాల్లో టీవీకి తగిలించాను. యూట్యూబ్ బాగుంది కానీ సినిమా యాప్‌లలో బొమ్మ మసగ్గా వస్తోంది. సెట్టింగ్ ఏమైనా ఉందా?

లేదండీ. డబ్బు కట్టి చూసే యాప్‌లు వైడ్‌వైన్ అనే తాళాన్ని చూస్తాయి, అందులో పై మెట్టు ఎల్1 ఫ్యాక్టరీలోనే చిప్‌లో వేసి రావాలి. మీ కంప్యూటర్‌కు దక్కేది ఎల్3, అందుకే చాలా యాప్‌లు 480పీ అనే తక్కువ నాణ్యత దగ్గరే ఆపేస్తాయి. కేబుల్ మార్చినా అంతే.

ఇదే ప్రశ్న కడప నుంచి, ఆదోని నుంచి కూడా వచ్చింది. అందరికీ బొమ్మ గురించే టెన్షన్, ఆ ఫైల్ ఎవరు తయారు చేశారని మాత్రం ఒక్కరూ అడగలేదు! ఇంటి కంప్యూటర్ల కోసం గూగుల్ ఆండ్రాయిడ్ టీవీని విడిగా ఇవ్వదు. ఆండ్రాయిడ్ కోడ్ అందరికీ దొరుకుతుంది కాబట్టి ఎవరో ఒకాయన ఇంట్లో కూర్చుని కట్టి, ప్లేస్టోర్ కూడా కలిపి పెడతాడు. మంచి మనసుతోనే చేసి ఉండొచ్చు, కానీ ఇంకేం కలిపాడో మీకూ నాకూ కనపడదు. పోయిన నెల అలాంటిదొకటి నా పాత ల్యాప్‌టాప్‌లో వేసి, వైఫై ఇచ్చి, పక్క కంప్యూటర్ నుంచి స్కాన్ చేస్తే 5555 పోర్టు, అంటే నెట్‌వర్క్ నుంచి లోపలికి వచ్చే ఒక తలుపు, బార్లా తెరిచి ఉంది. అది డెవలపర్లు బయటి నుంచి పరికరానికి ఆదేశాలివ్వడానికి వాడే ఏడీబీ దారి. 2018లో ఏడీబీ.మైనర్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఆ దారినే దూరింది. వెంటనే వైఫై తీసేశాను. 2024లో వోయిడ్ అనే మాల్వేర్ దాదాపు 13 లక్షల టీవీ బాక్సుల్లో బయటపడింది, పాత ఆండ్రాయిడ్‌తో నడిచేవే ఎక్కువ.

మీ విషయంలో అదే డిస్క్‌లో కొట్టు లెక్కలున్నాయి, అదే జీమెయిల్‌కు బ్యాంకు మెయిళ్లు వస్తాయి. ఈరోజే ఫోన్‌లోంచి పాస్‌వర్డ్ మార్చండి, గూగుల్ ఖాతాలో పరికరాల జాబితా తెరిచి ఆ కంప్యూటర్‌ను సైన్ అవుట్ చేయండి, లెక్కల డిస్క్ ఊడదీసి పక్కన పెట్టండి. సొంత వీడియోలు చూడ్డానికైతే పెన్‌డ్రైవ్‌లో లిబ్రెఎలెక్ అనే చిన్న వీడియో ప్లేయర్ సిస్టమ్ చాలు, గూగుల్ ఖాతా అడగదు. ఇంకా మొదలుపెట్టని వాళ్లు సెక్యూర్ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెలియని సిస్టమ్‌ను అడ్డుకునే కాపలా) ఆపేముందు, విండోస్ డిస్క్‌కు వేసే తాళం బిట్‌లాకర్ 48 అంకెల కీ కాగితం మీద రాసుకోండి. లేకపోతే విండోస్ తిరిగి తెరుచుకోక లబోదిబోమంటారు.

అయినా జనం ఈ పనికి ఎందుకు దిగుతున్నారు? అనంతపురంలో మా పక్కింటి టీవీ బొమ్మ ఇప్పటికీ అద్దంలా ఉంది, రిమోట్‌లో హోమ్ నొక్కితే మాత్రం చక్రం తిరిగి తిరిగి, ముందు ప్రకటన వచ్చి, ఆ తర్వాత యాప్‌లు కనిపిస్తాయి. అప్‌డేట్ వచ్చి ఎన్నాళ్లయిందో వాళ్లకే గుర్తులేదు. కరెంటు ఎంత తింటుందో నక్షత్రాలు వేసి చెప్పే కంపెనీలు, అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తాయో డబ్బా మీద ఒక్క లైను ఎందుకు అచ్చువేయవు?