నడుము నులమవచ్చునా?

సందేహం: మా యోగా గురువుగారు తెలుగువారే. "కూర్చుని నడుము కుడివైపుకి నులమండి" అంటారు. పక్కనుండే కన్నడ ఆవిడ, నులి అంటే మెలి కనుక మాట సరిగానే ఉందన్నారు. నాకేమో గొంతు నులమడమే గుర్తొస్తోంది. ఏది ఒప్పు? – ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

సమాధానం: మీ జంకు సబబే. 'నులుము'లో మెలిక కన్నా ఒత్తిడి పాలు ఎక్కువ. నిద్ర లేచి కళ్లు నులుముకుంటాం, మెలితిప్పుకోం కదా! మెలిపెట్టడానికి దాని తోబుట్టువు 'నులుచు' ఉంది. తనంత తాను మెలికపడితే 'నులియు'.

ఈ ఇంటికి పెద్దదిక్కు 'నులి'. దాని సంగతి తెలియాలంటే నులక పేనే చేతులను చూడాలి. తడిపిన నారను అరచేతుల మధ్య ఒకే వైపుకి పేనితే ఒక పేట. అలాంటి రెండు పేటలను కలిపి ఎదురు దిశలో చుట్టాలి. అప్పుడు పేటలు విప్పుకోబోయే కొద్దీ తాడు బిగుస్తుంది. రెండు పనులూ ఒకే దిశలో చేశారో, చెయ్యి వదలగానే అంతా విచ్చుకుపోతుంది. పురి మరీ ఎక్కువైతే, పట్టు సడలిన చోట పేట తన మీద తానే చుట్టుకుని లేస్తుంది. నులియడమంటే అచ్చంగా అదే. కడుపునొప్పితో మెలికలు తిరిగే మనిషికి ఈ క్రియ అక్కడినుంచే అంటిందని నా ఊహ.

కన్నడంవారు దీన్ని పదిలంగా దాచుకున్నారు. 12వ శతాబ్దపు శరణుడు, అంటే బసవన్న బాటలో నడిచిన శివభక్తుడు, నులియ చందయ్య కాయకం (బతుకుతెరువుగా చేసే పని) తాళ్లు పేనడం. ఆ పేరులోని నులి ఈ నులే. మీ ఊళ్లో "హొట్టె నులియుత్తిదె" (కడుపు మెలిపెడుతోంది) అనడం ఇప్పటికీ వింటూనే ఉంటారు. మనం క్రియను వదిలేసి నులక, నులినొప్పి, నులిపురుగు మిగుల్చుకున్నాం. ఏటా ఫిబ్రవరి 10న పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు మింగించేటప్పుడు సర్కారువారు 'నులిపురుగుల నివారణ' అంటున్నారు, సంతోషం. ఆ పురుగు తాను నులుస్తుంది కనుక ఆ పేరా, కడుపులో నులి పుట్టిస్తుంది కనుకనా అంటే రెండూ పొసుగుతాయి.

నులివెచ్చని నీళ్లలో నులికి 'కొద్దిగా' అని అర్థం. దాన్ని ఇందులోకి లాగకండి.

అలాగని మీ గురువుగారిది శుద్ధ తప్పనడానికి నోరు రాదు. చెవి నులమడంలో ఒత్తిడీ ఉంది, మెలీ ఉంది. పైగా "నడుము ట్విస్ట్ చేయండి" అని నిస్సిగ్గుగా పలికే గురువుల కంటే ఆయన వెయ్యి రెట్లు నయం. తెలుగులో మెలి, పురి, నులి, సుడి ఇన్ని ఉండగా ఆ అరువు దేనికో! 'నులుచు' ఇవాళ వాడుకలో లేదు, ఆజ్ఞాపిస్తే ఎవరికీ అర్థం కాదు. కాబట్టి "నడుము మెలితిప్పండి" అంటే చాలు. తుంటిని నేలకు ఆనించి, వెన్ను నిటారుగా నిలిపి, ఊపిరి వదులుతూ పైభాగాన్ని మాత్రమే తిప్పాలి. తుంటి కూడా వెంట వస్తే మెలి పడదు, ఊరికే పక్కకు తిరిగినట్టే. దానికి 'తిరగండి' అనే మాట ఎటూ ఉంది.