బంగారు చెప్పులు

కాజీపేట,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నీ అనువాద కథ మొన్న అందింది. మొదటిసారి చదివినప్పుడు ఒకచోట పడీ పడీ నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. నీ వయసులో నేను అంతకన్నా ఘోరాలు చేశాను, వాటిలో కొన్ని అచ్చయ్యాయి కూడా.

ఆ చోటు నీకు తెలిసే ఉంటుంది. అవ్వ మనవరాలికి చెవులు కుట్టించి, ఇంటికి రాగానే "బంగారు చెప్పులు" తొడుగుతుంది. ఆ తర్వాత ఆరు వారాలు పిల్ల వాటిని రాత్రిళ్ళు కూడా తీయదు, పొద్దున లేచి మెల్లగా తిప్పుకుంటుంది. చెప్పులను తిప్పుకోవడం ఏమిటని అనుమానం రాలేదా? వచ్చే ఉంటుంది. వచ్చినా దాటేసి ముందుకు పోయావు. నాకు కోపం తెప్పించింది అదే, తప్పు కాదు.

ఇంగ్లీషు మూలంలో అక్కడి మాట స్లీపర్. నువ్వు స్లిప్పర్ అనుకున్నావు. మన బజారులో రబ్బరు చెప్పులను సగం మంది స్లీపర్లనే అంటారు కాబట్టి చెవి మోసం చేసింది. స్లిప్పర్‌లో ఉన్నది జారడం. కాలు ఇట్టే జారి అందులో దూరుతుంది. స్లీపర్‌లో ఉన్నది నిద్ర. బ్రిటన్‌లో చెవులు కుట్టిన తర్వాత రంధ్రం పూడిపోకుండా రాత్రీ పగలూ ఉంచుకునే చిన్న రింగుకు ఆ పేరు ఉంది.

మన ఇళ్ళలో దాని పని వేప పుల్ల చేసేది. మా చెల్లెలికి చెవులు కుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అవుసలాయన తీగ గుచ్చి, కొన మెలిపెట్టి, చెమట తుడుచుకున్నాడు. కొన్నాళ్ళకు చెవి చీము పట్టింది. అమ్మ ఆ తీగ తీయించి, సన్నటి వేప పుల్ల విరిచి, కొబ్బరి నూనెలో ముంచి దూర్చింది. రోజూ స్నానం చేయించేటప్పుడు దాన్ని రెండు వేళ్ళతో అటూ ఇటూ తిప్పేది. చెల్లెలు కళ్ళు గట్టిగా మూసుకుని అమ్మ కొంగు పట్టుకునేది. నీ కథలో అవ్వ చేసింది ఇదే పని. ఆ పిల్ల చెవికి ఉన్నది బంగారమని చెప్పి, ఎందుకు పెట్టారో ఒక్క ముక్కలో చూపించి ఉంటే ఆ రింగుకు పేరు కూడా అక్కర్లేదు.

ఇక రెండో స్లీపర్. "పట్టాల కింద నిద్రించేవారు బారులు తీరి ఉన్నారు" అని రాశావు. కాజీపేటలో నలభై ఏళ్ళు గ్యాంగ్‌మన్‌గా చేసిన మనిషి కొడుకును నేను. ఆ వాక్యం దగ్గర నా పరిస్థితి ఊహించుకో.

పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మలను స్లీపర్లంటారు. రైలు పుట్టకముందే ఇంగ్లీషువాళ్ళు నేల మీద అడ్డంగా వేసి బరువు మోపే దూలాన్ని అలా పిలిచేవారు. కదలక మెదలక పడి ఉంటుంది కదా, అందుకు. అదే దిమ్మను అమెరికాలో 'టై' అంటారు. రెండు పట్టాలనూ ఎడం తప్పకుండా పట్టి కట్టేది కాబట్టి. మన బ్రాడ్‌గేజ్‌లో ఆ ఎడం 1676 మిల్లీమీటర్లు. ఒకే భాష మాట్లాడే రెండు దేశాల్లో ఒకరికి ఆ కొయ్య పడుకోవడం కనిపించింది, ఇంకొకరికి దాని కష్టం కనిపించింది. మా నాన్నను అడిగితే అమెరికావాళ్ళ పక్షాన నిలబడేవాడు.

1929లో కాజీపేట-బల్లార్షా లైను పూర్తయ్యాక ఢిల్లీ, మద్రాసుల నడుమ బళ్ళు మా ఊరి మీదుగా నడవడం మొదలైంది. నాన్న కొలువులో చేరేనాటికి ఆ దారిలో చెక్క స్లీపర్లు ఇంకా ఉన్నాయి. దిగేనాటికి కాంక్రీటువి వచ్చాయి. ఒక్కోటి రెండు వందల కిలోలకు పైమాటే. దిమ్మ కింద కంకర వదులైతే బండి దాటుతున్నప్పుడు అది కిందికి అణిగి పైకి లేస్తుంది. నాన్న గడ్డపార మొన తిప్పి పట్టుకుని, మొద్దు మీద ఒక దెబ్బ కొట్టి తల వంచి వినేవాడు. బోలుగా మోగితే అక్కడ కంకర కూరాలి. లేచి ఊగేది నిద్రపోయేదెలా అవుతుందో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. ఆయనకు స్లీపర్ అంటే స్లీపరే.

మా వాకిట్లో ఇప్పటికీ ఒక పాత చెక్క స్లీపర్ ఉంది. వేలంలో కొన్నది, కింద రెండు రాళ్ళు పెడితే బల్ల అయింది. మేకులు దిగిన చోట నల్లటి గుంతలు. ఎండాకాలం మధ్యాహ్నం దాని నుంచి తారు లాంటి వాసన వస్తుంది. నీ కథ చదివాక దాని మీదే కూర్చుని ఉండగా తట్టింది: మన మాట ఎదురుగా నడిచింది. ఇంగ్లీషులో నిద్రపోయేవాడి పేరు మొద్దుకు వెళ్ళింది. తెలుగులో మొద్దు పేరు నిద్రకు వచ్చింది. మొద్దు నిద్ర అంటాం కదా! ఇంతటి సామగ్రి ఇంట్లో పెట్టుకుని నువ్వు ఆ పడవవాడిని "భారీ నిద్రాపరుడు" అన్నావు, అతని పెళ్ళాన్ని "తేలికపాటి నిద్రాపరురాలు" అన్నావు. వాడిది మొద్దు నిద్ర. ఆమె చీమ చిటుక్కుమన్నా లేచే మనిషి. కోడి కునుకు, కలత నిద్ర, మగత, కునికిపాటు - వీటిలో ఏది ఎవరిదో నువ్వు తేల్చుకోవాలి. జ్వరం వచ్చిన పిల్లవాడిది మగత. బస్సులో కిటికీకి తల కొట్టుకుంటున్నవాడిది కునికిపాటు. ఒకదాని చోట ఇంకొకటి వేస్తే మనిషే మారిపోతాడు.

మిగతా స్లీపర్లు ఎక్కువ చెప్పాల్సినవి కావు. టికెట్ల కిటికీ దగ్గర "స్లీపర్ దొరికిందా" అంటే బెర్తు. పత్రికల్లో వచ్చే స్లీపర్ సెల్ అంటే మామూలు మనుషుల్లా బతుకుతూ పిలుపు కోసం ఎదురుచూసే ముఠా. దాన్ని తెలుగు చేయబోకు, పాఠకుడికి అలాగే అలవాటైంది. చప్పుడు లేకుండా విడుదలై, నోటి మాటతో పుంజుకుని ఆడిన సినిమాను కూడా స్లీపర్ అంటారు. ఇక్కడ మాత్రం జాగ్రత్త. మన దగ్గర "సినిమా పడుకుంది" అంటే నిర్మాత నెత్తిన గుడ్డ వేసుకున్నట్టే.

వాళ్ళ మాటలే ఇలా తిరకాసుగా ఉన్నాయని అనుకోకు. మీ జమ్మికుంట నుంచి వేములవాడ వెళ్ళినవాళ్ళు "రాజన్న దగ్గర ఒక నిద్ర చేసి వచ్చాం" అంటారు. ఆ రాత్రి వాళ్ళు పడుకున్నారా? పిల్లల ఏడుపు, దోమలు, తెల్లవారుజామున కోడె మొక్కుకు వరసలో నిలబడాలన్న ఆరాటం. కన్ను మూతపడి ఉండదు. అయినా నిద్ర చేశారు. రేపు ఏ ఇంగ్లీషు పిల్లో నిఘంటువు పట్టుకుని "ఆ కుటుంబం గుడిలో హాయిగా నిద్రపోయింది" అని రాస్తే నీకెలా ఉంటుంది? ఇంగ్లీషు పాఠకుడికి నీ పట్టాల కింది మనుషులు అలాగే ఉంటారు.

నిఘంటువు మానమని చెప్పడం లేదు. నేనూ రోజూ చూస్తాను. కానీ అది ఆఖరి అర్థం దాకా చదవాలి, నువ్వు మొదటిదాని దగ్గరే దిగిపోయావు. అదీగాక, ఆ మాట కథలో ఎవరి నోట ఉంది, వాళ్ళ చేతిలో ఆ క్షణాన ఏముంది అని చూడు. చేతిలో చెవి ఉంటే చెప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

కథ వాపసు పంపుతున్నాను. పెన్సిలు గీతలు ఉన్నచోట్ల మాత్రమే మార్చు. పడవ మునిగే పేజీని ముట్టుకోకు, అది బాగా వచ్చింది. చెవుల పేజీ తిరగరాసే ముందు మీ అమ్మమ్మ దగ్గర కూర్చో. చెవులు కుట్టాక మీ ఇంట్లో ఏం పెట్టేవారో, వేప పుల్లనా, చీపురు పుల్లనా, దాన్ని ఎన్నాళ్ళు ఉంచేవారో అడిగి, ఆమె అన్న మాటను అన్నట్టుగా రాసి పంపు.

మీ
కాజీపేట సార్