సమాధానం: మాయాబజార్‌లో పద్యాలు తగ్గాయేంటి?

మాయాబజార్ సినిమాలో ఇంకా ఎక్కువ పద్యాలు ఉన్నట్టు గుర్తుందని, మళ్లీ చూస్తే తగ్గాయని అడిగారు కదా, మీ జ్ఞాపకం తప్పు కాదు. మీరు చూసింది 2010 జనవరిలో విడుదలైన రంగుల ప్రింటు అయ్యుంటుంది. అందులో నిడివి కత్తిరించారు. అసలు నలుపు తెలుపు ప్రింటేనా అన్నది ఇలా చూసుకోండి.

1. వీడియో పేరులో 1957 (అసలు సినిమా వచ్చిన ఏడాది) అని ఉంటే సరిపోదు, రంగుల దానికీ అదే పెడతారు.

2. అందరూ వదిలేసేది నిడివి చూడటం. ప్లే నొక్కకముందే చూడండి. అసలుది 184 నిమిషాలు, రంగులది 165. రెండేముక్కాల్ గంటలకే అయిపోతోందంటే అది కోసిన ప్రింటే. టీవీలో కలర్ సున్నాకి తగ్గించి నలుపు తెలుపు చేసినా పోయిన సీన్లు రావు (నేనూ చేశాను ఆ తెలివితక్కువ పని!).

3. అభిమన్యుడిగా నాగేశ్వరరావు బదులు జెమినీ గణేశన్ కనిపిస్తే అది తమిళ మాయాబజార్, వెనక్కి వచ్చేయండి.