ఒక కన్ను మూసినా దూరం తెలుస్తోంది కదా, మరి రెండు కళ్ళెందుకు?

ఒక కన్ను మూసుకున్నా గోడ ఎంత దూరంలో ఉందో తెలుస్తోంది, లోతు తెలియాలంటే రెండు కళ్ళూ కావాలనడం నిజమేనా అని అడిగారు. గోడ వరకు మీ మాట నిజమే. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాత్రం కాదు.

ఎవరినైనా ఒక పెన్సిలు, మొన పైకి ఉండేలా, మీ ముఖానికి అడుగు దూరంలో నిలువుగా పట్టుకోమనండి. మీరు ఇంకో పెన్సిలును పైనుంచి ఒక్క ఊపులో దించి మొనకు మొన తాకించాలి. రెండు కళ్ళతో ఇట్టే తగులుతుంది. ఒక కన్ను మూస్తే కుడి ఎడమలు సరిగ్గానే కుదురుతాయి, మొన మాత్రం అవతలో ఇవతలో పడుతుంది. తల కదపకూడదు. అరంగుళం జరిపినా దగ్గరి వస్తువు ఎక్కువ, దూరపుది తక్కువ జరిగినట్టు కనిపించి, మెదడుకు లోతు దొరికిపోతుంది.

కళ్ళ మధ్య ఎడం సుమారు 6.3 సెం.మీ. అందుకే రెండు కళ్ళలో పడే బొమ్మలు కాస్త తేడాగా ఉంటాయి. లోతు తెలియడానికి ఆ తేడా చాలని చార్లెస్ వీట్‌స్టోన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1838లో రెండు చదును బొమ్మలను అద్దాలతో చెరో కంటికీ చూపించి నిరూపించాడు.

అయితే దూరం రెట్టింపైతే ఈ లోతు అంచనాలో పొరపాటు నాలుగింతలవుతుంది. రెండు కళ్ళ బొమ్మల మధ్య 40 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకనంటే డిగ్రీలో 3600వ వంతు కోణం) తేడాను పట్టే చూపు అర మీటరు దూరంలో మిల్లీమీటరు లోపు ఎచ్చుతగ్గులను కూడా చెబుతుంది. 50 మీటర్ల దగ్గర ఏడెనిమిది మీటర్ల తేడా ఉంటేగానీ చెప్పలేదు. అందుకే ఎదురొచ్చే లారీ దూరాన్ని అంచనా కట్టేది ప్రధానంగా దాని సైజు పెరిగే తీరును, రెండు హెడ్‌లైట్ల మధ్య ఎడాన్ని బట్టే. రాత్రి ఒకే లైటు వెలిగే లారీ బైకులా కనిపించి ప్రాణాలు తీసేది ఇందుకే.

స్కూళ్ళలో కంటి పరీక్షంటే అక్షరాల చార్టు చదివించి పంపేయడం నాకు అస్సలు మింగుడుపడదు. వేళ్ళతో కన్ను మూయమంటే పిల్లలు సందుల్లోంచి చూసేస్తారు, అరచేత్తో మూయించాలి. చార్టు బాగా చదివినా లోతు తెలుస్తోందని కాదు. దానికి ఈగ బొమ్మ పరీక్ష ఉంది: చెరో కంటికీ వేరే బొమ్మ చూపించే పోలరాయిడ్ కళ్ళద్దాలు పెట్టి రెక్క పట్టుకోమంటే, లోతు తెలిసే పిల్ల కాగితానికి పైన గాలిలో వేళ్ళు కలుపుతుంది, తెలియని పిల్ల వేలు తిన్నగా కాగితం మీద పెడుతుంది. అలా పెడితే వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. మెల్ల, లేజీ ఐ (ఒక కంటి చూపును మెదడు సరిగ్గా వాడుకోకపోవడం) లాంటివి ఏడేళ్ళ లోపు పట్టుకుంటే చికిత్స బాగా పనిచేస్తుంది. బలహీనమైన కంటికి పని చెప్పడానికి బాగున్న కంటికి ప్యాచ్ (మూసే పట్టీ) వేయమంటే కళ్ళజోడు మీద కాకుండా నేరుగా చర్మానికే అంటించండి, లేకపోతే పక్కల్లోంచి ఆ కంటితోనే చూస్తారు.