పీహెచ్‌పీ ప్రాజెక్ట్‌కి ఏ సీఐ? ముందు మీ కోడ్ ఎక్కడుందో చూడండి

సీఐ అంటే కోడ్ మార్చిన ప్రతిసారీ టెస్టుల్ని దానంతటదే నడిపే ఏర్పాటు. లారావెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్ట్, చిన్న టీమ్. సొంత సర్వర్ మీద నడుపుకునే జెన్‌కిన్స్ పెట్టుకోవాలా, గిట్‌హబ్‌లోనే ఉండే గిట్‌హబ్ యాక్షన్స్ సరిపోతుందా, గిట్‌ల్యాబ్‌కి మారిపోవాలా అని అడిగారు. మూడింటితోనూ పనిచేశాను కాబట్టి చెబుతున్నాను: కోడ్ ఇప్పుడు ఎక్కడుందో అక్కడి సీఐనే వాడండి. పుల్ రిక్వెస్ట్ (మన మార్పుని కలపమని పెట్టే అభ్యర్థన) పక్కనే టెస్టులు పాసయ్యాయో లేదో కనిపిస్తే అందరూ చూస్తారు. ఇంకో లింక్ తెరిచి, మళ్ళీ లాగిన్ అయి చూడమంటే కొన్నాళ్ళకి ఎవరూ పట్టించుకోరు.

జెన్‌కిన్స్ మంచిదే. ఏ పనైనా చేయించవచ్చు, కోడ్ బయటి సర్వర్‌కి వెళ్ళకూడదన్న నిబంధన ఉన్నచోట ఇప్పటికీ బాగా పనికొస్తుంది. కానీ ఆ సర్వర్‌ని, ప్లగిన్లని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉండే మనిషి ఒకరు కావాలి. మీ టీమ్‌లో ఆ పని ఎవరిదో పేరు పెట్టి చెప్పలేకపోతే దాని జోలికి వెళ్ళకండి.

టూల్ కంటే నేను ఎక్కువ పట్టించుకునేది మరొకటుంది. అసలు పనంతా కంపోజర్ (పీహెచ్‌పీ ప్యాకేజీలు తెచ్చిపెట్టే టూల్) స్క్రిప్టుల్లో పెట్టండి. టెస్టులు నడిపే పీహెచ్‌పీ యూనిట్, కోడ్‌ని నడపకుండానే తప్పులు పట్టే పీహెచ్‌పీ స్టాన్, కోడింగ్ స్టైల్ చెక్ మూడూ ఒకే కమాండ్‌తో నడవాలి. సీఐ ఏం చేయాలో రాసే యామల్ ఫైల్ ఆ కమాండ్‌ని పిలిస్తే చాలు. అప్పుడు సీఐలో ఫెయిలైనదాన్ని మీ లాప్‌టాప్‌లో అదే కమాండ్‌తో వెతుక్కోవచ్చు, రేపు టూల్ మార్చాల్సి వచ్చినా మారేది ఆ చిన్న ఫైల్ ఒక్కటే. ఒక్క జాగ్రత్త: కంపోజర్ స్క్రిప్టుకి మామూలుగా 300 సెకన్ల గడువు ఉంటుంది. టెస్టులు పెరిగాక సగంలో ఆగిపోతుంటే, ప్రాసెస్ టైమ్‌అవుట్‌ని సున్నా చేయండి.

ఇక అందరినీ ఏడిపించేది డేటాబేస్. గిట్‌హబ్ యాక్షన్స్‌లో జాబ్ నేరుగా రన్నర్ (సీఐ పని నడిచే మెషీన్) మీద నడుస్తూ మైఎస్‌క్యూఎల్ సర్వీస్ కంటైనర్‌గా, అంటే దాని పక్కన విడిగా, ఉంటే, హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాయకండి. ఆ పేరు చూడగానే పీహెచ్‌పీ నెట్‌వర్క్‌ని వదిలేసి, అదే మెషీన్‌లోని డేటాబేస్‌తో మాట్లాడే సాకెట్ ఫైల్ కోసం వెతుకుతుంది. అది అక్కడ ఉండదు, "అలాంటి ఫైల్ లేదు" అన్న ఎర్రర్ వస్తుంది. పాస్‌వర్డ్ తప్పేమో అని గంటలు పోతాయి. 127.0.0.1 అని రాయండి. గిట్‌ల్యాబ్‌లో డాకర్ రన్నర్ అయితే హోస్ట్ ఆ సర్వీస్ పేరే, అంటే మైఎస్‌క్యూఎల్. రెండు చోట్లా డేటాబేస్ లేచి నిలబడిందని తెలిశాకే మైగ్రేషన్లు (టేబుళ్ళు తయారుచేసే స్క్రిప్టులు) మొదలవ్వాలి. గిట్‌హబ్‌లో అందుకు హెల్త్ చెక్ (డేటాబేస్ సిద్ధమైందా అని అడిగి చూసే కమాండ్) తప్పకుండా పెట్టండి. వేగం కోసం టెస్టులకి ఎస్‌క్యూలైట్ వాడదామనిపిస్తుంది కానీ, ప్రొడక్షన్‌లో మైఎస్‌క్యూఎల్ ఉంటే సీఐలోనూ అదే ఉండాలని నా గట్టి అభిప్రాయం. కాలమ్ టైపుల విషయంలో ఎస్‌క్యూలైట్ చాలా ఉదారం. అది ఊరుకున్న తప్పు లైవ్‌లో బయటపడుతుంది.

వేగం గురించి రెండు మాటలు. కవరేజ్ (టెస్టులు ఎంత కోడ్‌ని తాకాయన్న లెక్క) అక్కర్లేని జాబ్‌లో, పనిని నెమ్మదింపజేసే డీబగ్గర్ ఎక్స్‌డీబగ్‌ని ఆపేయండి. కవరేజ్ ఒక్కటే కావాలంటే ఆ పనికే ఉన్న పీకవ్ చాలా తేలిక. క్యాష్ చేయాల్సింది ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయ్యే వెండర్ ఫోల్డర్‌ని కాదు, కంపోజర్ డౌన్‌లోడ్ క్యాష్‌ని. లాక్ ఫైల్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండేది) హ్యాష్‌ని దాని కీగా పెట్టండి. సీఐలో కంపోజర్ అప్‌డేట్ కాకుండా, లాక్ ఫైల్‌లో ఉన్నవే తెచ్చే ఇన్‌స్టాలే నడపండి, లేకపోతే మీరు టెస్ట్ చేసిన ప్యాకేజీలు ఒకటి, సర్వర్ మీదకి వెళ్ళేవి ఇంకొకటి అవుతాయి.

అవే టెస్టుల్ని చాలా పీహెచ్‌పీ వెర్షన్ల మీద నడిపే మ్యాట్రిక్స్ లైబ్రరీ రాసేవాళ్ళకి అవసరం. మీది అప్లికేషన్ కాబట్టి సర్వర్‌లో ఉన్న వెర్షన్, మీరు మారబోయే వెర్షన్, ఆ రెండూ చాలు.

మొదటి రోజే అన్నీ తగిలించకండి. ముందు టెస్టులు మాత్రమే పెట్టి, అవి పాసవ్వకుండా మెర్జ్ కాకుండా బ్రాంచ్‌కి కట్టడి పెట్టండి. అది అలవాటయ్యాక పీహెచ్‌పీ స్టాన్‌ని బేస్‌లైన్ ఫైల్‌తో తీసుకురండి. పాత కోడ్‌లోని తప్పులు ఆ ఫైల్‌లో పక్కన ఉండిపోతాయి, కొత్తగా రాసినవాటినే అది పట్టుకుంటుంది.