మానసిక సమస్యకు మందులు వాడితే షుగర్ వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్లు. స్కిజోఫ్రీనియాకు ఏడాదిగా రోజూ రాత్రి ఒలాంజపైన్ 10 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నాడు. చెవిలో మాటలు వినపడటం, అనుమానాలు తగ్గి మళ్లీ పనికి వెళ్తున్నాడు. కానీ 13 కిలోలు పెరిగాడు. పరగడుపున షుగర్ 116, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1 ఉంది. ఇదంతా మందు వల్లే, ఆపేయమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మందు మీ అంతట మీరు ఆపకండి. సగం మాత్ర ఇవ్వడమూ వద్దు. హఠాత్తుగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. ఈసారి కోలుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు.

అలాగని మీ బంధువుల అనుమానాన్ని కొట్టిపారేయలేం. ఈ తరహా మందుల్లో బరువు, షుగర్ ఎక్కువగా పెంచేవి ఒలాంజపైన్, క్లోజపైన్. ఇవి మెదడులో ఆకలిని అదుపు చేసే చోట పనిచేసి, ఎంత తిన్నా కడుపు నిండినట్టు అనిపించకుండా చేస్తాయి. ఇన్సులిన్ పనితీరునూ దెబ్బతీస్తాయి. అందుకే బరువు పెద్దగా పెరగనివారిలోనూ కొందరికి షుగర్ వస్తుంది. మీ అబ్బాయికి ఇంకా షుగర్ రాలేదు. పరగడుపున 100-125, హెచ్‌బీఏ1సీ 5.7-6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ అంటాం. ఈ దశలో జాగ్రత్తపడితే షుగర్ రాకుండా చాలావరకు ఆపొచ్చు.

భోంచేసిన గంటకే మళ్లీ వంటింట్లోకి వెళ్లి అన్నం పెట్టుకుంటుంటే దయచేసి కసురుకోకండి. అది మందు తెచ్చిపెట్టిన ఆకలి, తిండియావ కాదు. ఆ వేళకు ఉడికించిన శనగలు, కీరా ముక్కలు, పల్చటి మజ్జిగ చేతికందేలా ఉంచండి. ఈ మందుతో నోరు ఎండిపోతుంది కాబట్టి చాలామంది కూల్‌డ్రింకులకు అలవాటు పడతారు. ఆ సీసాలు ఇంట్లోకి రానివ్వకపోతే సగం మేలు జరిగినట్టే. సాయంత్రం మీలో ఎవరైనా తోడుగా నడవండి. ఒంటరిగా పంపితే రెండో రోజుకే మానేస్తారు.

ఈ రిపోర్టులు తీసుకుని ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర జతచేయవచ్చా, అరిపిప్రజోల్ లాంటి బరువు పెద్దగా పెంచని మందుకు మారవచ్చా అని అడగండి. మారిస్తే పాతది మెల్లగా తగ్గిస్తూ కొత్తది పెంచుతారు. ఆ రోజుల్లో నిద్ర తగ్గుతోందా, అనుమానాలు మళ్లీ మొదలయ్యాయా అని మీరు గమనిస్తుండాలి. ఒలాంజపైన్ తప్ప మరేదీ పనిచేయదనుకుంటే అదే కొనసాగిస్తూ షుగర్‌ను అదుపు చేయవచ్చు.

నిజానికి ఈ మందు మొదలుపెట్టేటప్పుడే బరువు, నడుము కొలత, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి. మూడు నెలలకు మళ్లీ పరీక్షించాలి. 2004లోనే అమెరికాలోని డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు కలిసి ఈ సూచన చేశాయి. అయినా ఇప్పటికీ చాలామందికి ఈ పరీక్షలు జరగడం లేదు, ఇది నన్ను బాధించే విషయం. మీరే అడిగి చేయించండి. మగవారికి నడుము 90 సెం.మీ. దాటకూడదు. షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్తే సైకియాట్రిస్టు రాసిన చీటీ కూడా తప్పక చూపించండి.

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, ఆయాసం, మగత కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.